సరిహద్దు జిల్లాల రాజప్రాసాదాలు: చరిత్రనూ లోపలి అమరికనూ నమోదు చేసే పద్ధతి

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో స్థిరపడిన తెలుగువారికి కోట అనేది ఎక్కడో దూరాన ఉన్న వింత కాదు. పర్లాకిమిడిలో గజపతుల ప్రాసాదం, అక్కడే మహేంద్రతనయ ఒడ్డున బృందావన ప్రాసాదం, జయపురంలో సూర్యవంశపు రాజుల కోట, ఇవిగాక చిన్న జమీందారుల లోగిళ్ళు ఎన్నో ఊళ్ళ నడిబొడ్డునే ఉన్నాయి. వాటి మీద మనవాళ్ళు రాసే వ్యాసాల్లో వంశావళి ఉంటుంది, యుద్ధాలుంటాయి, దానధర్మాలుంటాయి. ఆ గోడల మధ్య ఎవరు ఎటు నడిచేవారో, వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నం ఆ గదుల్లోకి గాలి ఎలా వచ్చేదో, నేల గచ్చు దేనితో చేశారో మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ లోటు పూడ్చాలనుకునే ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, ఊరి చరిత్ర మీద మమకారం ఉన్నవారికి పనికివచ్చే పద్ధతి ఒకటి ఇక్కడ చెబుతున్నాను. ఈ పనిలో వరసే ముఖ్యమని నా నమ్మకం. ముందు మనుషుల నడకను పట్టుకోవాలి, తరవాత కట్టడపు సామగ్రిని చూడాలి, ఆ తరవాత కాగితాలు వెతకాలి, అలంకారాన్ని అన్నిటికన్నా చివర చేపట్టాలి. చాలామంది ఈ వరసను తలకిందులు చేసి, దర్బారు హాలులోని షాండ్లియర్ ఫోటోతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

అడుగు పెట్టేముందు

మొదటి పని అనుమతి. ఈ ప్రాసాదాల్లో కొన్నింటిలో వారసుల కుటుంబాలు ఇప్పటికీ కాపురం ఉంటున్నాయి, కొన్ని భాగాల్లో కార్యాలయాలో విద్యాసంస్థలో నడుస్తున్నాయి. ఏ గదులు చూడాలనుకుంటున్నారో, ఫోటోలు దేనికోసమో, రాసినదాని ప్రతి ఎవరికి ఇస్తారో స్పష్టంగా చెబుతూ తెలుగులోనూ ఒడియాలోనూ ఒక ఉత్తరం ఇవ్వడం మర్యాద. పూజగదినీ, ఇంటి ఆడవారు ఉండే భాగాన్నీ అడగకుండానే మినహాయించి రాస్తే, తక్కిన తలుపులు తెరవడానికి ఇంటివారు వెనుకాడరు.

రెండవ పని, ఆ ప్రాంతపు కాలక్రమాన్ని ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవడం. ఉత్తర సర్కారుల్లో జమీందారీలను స్థిరపరిచిన శాశ్వత శిస్తు నిర్ణయం 1802లో మొదలైంది. 1832లో పర్లాకిమిడి, విశాఖపట్నం ప్రాంతాల అలజడులను అణచడానికి కుంపిణీవారు జార్జ్ రసెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు 1900లో నడిచింది, 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, అంతవరకు మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో భాగాలుగా ఉన్న పర్లాకిమిడి, జయపురం కొత్త రాష్ట్రంలోకి వెళ్ళాయి. ఎస్టేట్ల రద్దు చట్టం ఒరిస్సాలో 1951లో వచ్చింది. ఈ అయిదారు తేదీలు చేతిలో ఉంటే, కట్టడంలో కనబడే ప్రతి మార్పునూ ఏదో ఒక తేదీకి ముందో వెనకో సర్దుకోవచ్చు. ఉదాహరణకు, రైలు రాకముందు బరువైన ఇనుప దూలాలూ పెట్టెలకొద్దీ గాజుసామానూ కళింగపట్నం వంటి రేవుల్లో దిగి ఎడ్లబండ్ల మీద రావలసిందే. అందుచేత ఒక గది పైకప్పును పొడవాటి ఇనుప దూలాలు మోస్తున్నాయంటే, అది రైలు వచ్చిన తరవాతి పని కావచ్చునన్న అనుమానంతో చూడడం మొదలుపెట్టాలి. అనుమానాన్ని నిర్ణయంగా రాయకూడదు, దాన్ని పరీక్షించే మార్గాలు ముందు వస్తాయి.

మనుషుల నడకను పట్టుకోవడం

ప్రాసాదం ఎంత పెద్దదైనా దాని వెనక ఉన్న ఆలోచన ఒక్కటే: ఎవరు ఎంతవరకు రావచ్చు. సింహద్వారం దాటిన రైతు కచేరీ చావడి దగ్గర ఆగుతాడు. దివానూ కరణాలూ కచేరీ లోపలికి వెళతారు. దొరలూ సాటి జమీందారులూ దర్బారు హాలు వరకు వస్తారు. రాణివాసంలోకి బంధువులకూ దాసీలకూ తప్ప ప్రవేశం ఉండదు. వంటవారికీ నీళ్ళు మోసేవారికీ వెనకవైపు వేరే దారులూ వేరే మెట్లూ ఉంటాయి. కాబట్టి మొదటిరోజు కొలతల జోలికి పోకుండా, చేత్తో ఒక రేఖాపటం గీసుకుని, ప్రతి ద్వారం పక్కన దానిగుండా ఎవరు వెళ్ళగలిగేవారో రాసుకుంటూ నడవాలి. ఒక్కో వర్గం దారిని ఒక్కో రంగు పెన్సిలుతో గీస్తే సాయంత్రానికి ఆ ఇంటి అధికార క్రమం కాగితం మీద తేలుతుంది. ఏ గది అలంకారం ఎవరి కళ్ళ కోసం చేసిందో కూడా దానితోనే తెలుస్తుంది. దొరలు నడిచే దారిలో గోడలకు నునుపైన గచ్చూ కమానులకు పూలపనీ ఉండి, పక్కనే వంటవారు నడిచే సందులో వట్టి సున్నపు పూత మాత్రమే ఉందంటే, అది డబ్బు చాలక వదిలేసిన పని అని తొందరపడి రాయకూడదు.

ఇక్కడ తలుపుల గడియలను చూడడం తప్పనిసరి. రెండు భాగాల మధ్య ఉన్న ద్వారానికి గడియ ఏ వైపున ఉందో రాసుకోవాలి. రాణివాసం వైపున గడియ ఉంటే, మూసే తెరిచే అధికారం లోపలివారిది. కచేరీ వైపున గొలుసూ తాళపు కొక్కెమూ ఉంటే సంగతి వేరు. కొన్ని తలుపులకు పాత గడియ పీకేసి రెండోవైపు బిగించిన గుర్తులు కనిపిస్తాయి. చెక్కలో పూడ్చిన మేకు రంధ్రాలను వేలితో తడిమినా దొరుకుతాయి. అలాంటి ఒక్క మార్పు వెనక ఒక తరం కథ ఉండవచ్చు గనుక, దాన్ని ఫోటో తీసి, కొలిచి, ఇంట్లోని పెద్దవారిని దాని గురించి నెమ్మదిగా అడగాలి.

జాలీ కిటికీలను నిలబడి చూసి వెళ్ళిపోవద్దు. దర్బారు హాలుకు పైఅంతస్తులోనో పక్కగోడలోనో ఉండే జాలీ వెనక నేల మీద కూర్చుని చూస్తే, రాణివాసపు స్త్రీలకు ఏది కనబడేలా దాన్ని అమర్చారో మీకే తెలుస్తుంది. జాలీ అడుగుభాగం నేలనుంచి ఎంత ఎత్తున ఉందో, అక్కడినుంచి గద్దె కనబడుతుందా, వచ్చేవారి ముఖాలు కనబడతాయా అన్నది రాసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆనవాలు పంకా రంధ్రం. కరెంటు రాకముందు పెద్ద గదుల్లో పైకప్పు నుంచి గుడ్డ పంకాలు వేలాడేవి. దాని తాడు గోడలోని ఒక చిన్న రంధ్రంగుండా బయటి వసారాలోకి వెళ్ళేది, అక్కడ ఒక మనిషి కూర్చుని గంటల తరబడి దాన్ని లాగేవాడు. పైకప్పుకు వరసగా కొక్కేలు కనిపిస్తే, వాటికి తిన్నగా గోడ వైపు చూడండి. సున్నంతో పూడ్చేసినా ఆ రంధ్రం గుండ్రని మచ్చలా పైకి తేలుతూనే ఉంటుంది. పూడ్చకుండా వదిలిన చోట ఇత్తడి కప్పీ గాని, చెక్క గొట్టం గాని ఉంటుంది. దాని కింది అంచున తాడు ఒరిసి పడిన గాడిని వేలుపెట్టి చూడవచ్చు. ఆ గాడికి ఇవతల రాజుగారి ఆసనం ఎక్కడుందో, అవతల పంకా లాగేవాడు కూర్చున్న అరుగు ఎక్కడుందో రెండూ పటంలో గుర్తించాలి. ఏ చరిత్రలోనూ పేరు లేని ఆ మనిషికి పటంలో చోటు ఇవ్వడం మన బాధ్యతగా నేను భావిస్తాను.

గాలినీ వెలుతురునూ కూడా ఈ విడతలోనే చూడాలి. తూర్పుతీరపు ఉక్కపోతను తట్టుకోవడానికి ఎత్తైన పైకప్పులు, చుట్టూ వసారాలు, తలుపుల మీద రంగుటద్దాల అర్ధచంద్రాలు, పైకప్పుకు దగ్గరగా చిన్న గవాక్షాలు పెట్టారు. ఇంటివారి అనుమతితో ఒక అగరువత్తి వెలిగించి గది మధ్యలో నిలబడితే పొగ ఎటు పోతుందో కనబడుతుంది. ఎదురెదురు తలుపులు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి చూడండి. తరవాతి కాలంలో ఎక్కడైనా అడ్డుగోడ కట్టి గాలిని ఆపేశారా అన్నది దీనితో తేలిపోతుంది.

కొలతలూ గోడలూ

కొలతలకు ఇద్దరు మనుషులు, ఒక పొడవైన టేపు చాలు. నా సలహా, అడుగులూ అంగుళాల్లోనే కొలవండి. కట్టినవారు అడుగుల్లోనే లెక్కవేశారు గనుక మొదటి కట్టడంలోని గదులు తరచుగా నిండు అడుగుల్లో తేలుతాయి, మధ్యలో చేర్చిన అడ్డుగోడల వల్ల ఏర్పడిన గదులు అడ్డదిడ్డమైన అంగుళాల్లో వస్తాయి. మీటర్లలో కొలిస్తే ఈ తేడా కంటికి ఆనదు. ప్రతి గదికీ నాలుగు గోడలతోపాటు రెండు ఐమూలల కొలతలూ తీసుకోవాలి. అవి సమానంగా లేకపోతే గది మూలలు మూలమట్టానికి సరిగా లేవని అర్థం, దానికి కారణం పక్కనున్న పాత గోడ కావచ్చు. గోడ మందాన్ని ప్రతి ద్వారబంధం దగ్గరా కొలవాలి. ఒకే వరసలో మందం ఉన్నట్టుండి మారితే అక్కడ రెండు కాలాలు కలిశాయని అనుమానించి, బయటివైపు వెళ్ళి ఇటుకల వరసలు ఒకదానిలో ఒకటి పళ్ళలా కలిశాయా, లేక పైనుంచి కిందికి నిలువు అతుకు ఉందా చూడాలి. నిలువు అతుకు ఉంటే రెండు గోడలూ ఒకేసారి లేవలేదు.

పైకప్పు చూడడానికి మంచి టార్చిలైటు కావాలి. పాత మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద దంతెలు పరిచి, వాటి మధ్య పలచని చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంలో పేర్చి, పైన ఇటుకముక్కలూ సున్నమూ కలిపిన పొర వేసి దిమ్మిస చేసేవారు. కిందినుంచి చూసినప్పుడు దంతెల నడుమ ఇటుకల అంచులు వాలుగా కనిపిస్తే అది ఆ పద్ధతే. ఇనుప దూలాలుంటే వాటి పక్కభాగాన ఉబ్బెత్తుగా పోతపోసినట్టుండే అక్షరాలు వెతకండి. డార్మన్ లాంగ్ అన్న పేరు కనిపిస్తే ఆ దూలం 1875కు ముందుది కాజాలదు. టాటా పేరుంటే 1912కు ముందుది కాజాలదు, వారి ఉక్కు తయారైంది ఆ ఏడే. వంటశాలల మీదా గుర్రపుసాలల మీదా ఉండే పలక పెంకును, మన వైపు బెంగుళూరు పెంకు అనే దాన్ని, ఒకటి జారి పడి ఉంటే తిప్పి చూడండి. వెనకవైపు కర్మాగారం పేరు ముద్రించి ఉంటుంది. మంగుళూరులో బాసెల్ మిషన్‌వారు ఈ పెంకుల తయారీ 1865లో మొదలుపెట్టారు. ఇలాంటి ముద్రలు ఆ వస్తువు ఏ సంవత్సరానికి ముందుది కాదో మాత్రమే చెబుతాయి. మరమ్మతులో మార్చినదేమో అన్న ప్రశ్న ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

గచ్చు గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే మన కళ్ళముందే పోతున్నది అదే. గానుగలో తిప్పి మెత్తగా చేసిన సున్నం, సన్నని ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి గోడలకు పూసేవారు. పైపొరలో గవ్వసున్నానికి కోడిగుడ్డు తెల్లసొన చేర్చి, నున్నని రాయితో రోజుల తరబడి రుద్ది మెరుగు తెచ్చేవారు. అటువంటి గోడ మీద చెయ్యి వేస్తే ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది, పక్కనుంచి దీపం పెడితే దాని ప్రతిబింబం కనబడుతుంది. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్ళీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపలి ఇటుకలో ఉప్పు పేరుకుని, కొన్నేళ్ళలో సిమెంటు పెచ్చులతోపాటు పాత గచ్చు కూడా ఊడివస్తుంది. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందరు కర్మాగారంతో గనుక, ఈ కోటల్లోని సిమెంటు అతుకులు చాలావరకు ఆ తరవాతివే. ప్రతి గదిలో ఏ గోడ సున్నమో ఏది సిమెంటో పటంలో వేరువేరుగా గుర్తించండి. మీరు రాసేదంతటిలో రేపు మరమ్మతు చేయబోయేవారికి అత్యవసరమైనది ఈ పటమే. పూత పొరలు చూడాలన్న ఆశతో గోడను గీకకండి. తలుపు వెనకో, ఇదివరకే పెచ్చు ఊడిన చోటో అంచును భూతద్దంతో చూస్తే, ఒకదాని మీద ఒకటి వేసిన రంగులు వరసగా కనిపిస్తాయి.

కట్టుబడి పదాలను స్థానిక మేస్త్రీల నోటినుంచే రాసుకోవాలి. పర్లాకిమిడిలో తెలుగు మేస్త్రి ఒక మాట అంటే, పక్కనున్న ఒడియా మేస్త్రి అదే వస్తువుకు ఇంకో మాట అంటాడు. రెండూ రాసుకోండి. గానుగ సున్నం పని చేతులారా చేసినవారు వయసు మళ్ళినవారే మిగిలారు, వారిని ముందు కలవాలి. పెద్దవారిని తాతగారూ, మామ్మగారూ అని పలకరించి కూర్చుని, సంవత్సరాలు అడగకుండా సంఘటనలతో ముడిపెట్టి అడిగితే మంచి జవాబులు వస్తాయి. ఆ వసారా ఒరిస్సాలో కలిసిన తరవాత కట్టారా, అంతకుముందే ఉండేదని మీ నాన్నగారు చెప్పారా, జమీందారీ పోయినప్పుడు కచేరీ గదుల్లో ఏం పెట్టారు అన్నట్టు అడగాలి. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, వచ్చిన తేడాలను తేడాలుగానే రాయాలి.

కాగితాలు వెతకడం

గోడలు చూసిన తరవాత కాగితాలు చూస్తే ఏం అడగాలో మనకు తెలుసు. 1936 వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రభుత్వం కింద ఉంది కాబట్టి జమీందారీల రెవెన్యూ కాగితాలు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ లెక్కలు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రాచీన పత్రాగారంలో వెతకాలి. ఆ తరవాతివాటికి భువనేశ్వర్ వెళ్ళాలి. వారసుడు మైనరుగా ఉన్న కాలంలో ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నడిపేది. అప్పుడు మరమ్మతుకు పెట్టిన ప్రతి ఖర్చుకూ పై అధికారి మంజూరు కావలసి ఉండేది గనుక, ఇంటి సామాను జాబితాలూ సున్నం, టేకు లెక్కలూ ఆ ఫైళ్ళలోనే దొరికే అవకాశం ఎక్కువ. జయపురం కోట మీద పనిచేసేవారు విశాఖపట్నాన్ని మరవకూడదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ (1869–1951) అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన మహాదాత. కోటల్లోనే మిగిలిన లెక్కల పుస్తకాలు తెలుగు గొలుసుకట్టు రాతలోనో, ఒడియా కరణాలు వాడిన కరణీ లిపిలోనో ఉంటాయి. అవి చదవడం రాదని వదిలేయడం తగదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సమీపంలోని శ్రీముఖలింగం శాసనాల లిపిని తమంతట తామే నేర్చుకుని చదివారు. మనకు ఆ ఊరే ఆదర్శం ఇచ్చింది.

వాస్తుశిల్పి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. పర్లాకిమిడి గజపతి ప్రాసాదానికి మద్రాసులో పేరుపొందిన రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ (1840–1915) రూపకల్పన చేశారని చెబుతారు. అటువంటి మాట విన్నప్పుడు ఆ శిల్పి చేసినట్టు రుజువైన కట్టడాలను పక్కన పెట్టుకుని చూడాలి. చిషోమ్ విషయంలో మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్ (1879) ఉంది, చార్లెస్ మాంట్ మరణించాక ఆయన చేపట్టి పూర్తిచేసిన బరోడా లక్ష్మీవిలాస ప్రాసాదం ఉంది. గుమ్మటాల తీరు, కమానుల ఆకృతి, రెండు రంగుల రాతి పట్టీలు, స్తంభాల శీర్షాలు ఎక్కడ పోలుతున్నాయో, ఎక్కడ పోలడం లేదో రెండూ రాయాలి. సంతకం ఉన్న పటమో, ఉత్తరమో, చెల్లింపు రసీదో దొరికేవరకు ఆ పేరు పక్కన ‘అని చెబుతారు’ అన్న మాటను తీసేయకూడదు.

అలంకారం

ఇక్కడికి వచ్చేసరికి అద్దాలూ షాండ్లియర్లూ చెప్పవలసింది తక్కువే ఉంటుంది. ఏ వస్తువు ఏ గదిలో, ఎవరి దారిలో ఉందో ముందే తెలిసిపోయింది కదా. షాండ్లియర్ లోహపు కాడ మీదా, నేల పలకల వెనకా, గోడ గడియారం ముఖం మీదా తయారీదారు పేరు చూడాలి. రవివర్మ చిత్రాల అచ్చుప్రతులు వేలాడుతుంటే అడుగున ప్రెస్సు పేరు చదవండి. రవివర్మ ముద్రణాలయం పనిచేయడం మొదలుపెట్టింది 1894లో. చిత్తరువుల్లో ఉన్నవారిని పోల్చుకోవడానికి ఇంటివారి సాయం కావాలి. ఒరిస్సా తొలి ప్రధాని (అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) అయిన కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ (1892–1974) వంటి ప్రసిద్ధుల ముఖాలు సులభంగానే తెలుస్తాయి, రాణుల చిత్తరువులకు మాత్రం పేర్లు పోయి ఉంటాయి. పర్లాకిమిడి కొమ్ముపని వస్తువులు ఏవైనా ఉంటే వాటిని విదేశీ సామానుతో కలిపేయకుండా విడిగా నమోదు చేయండి. ఇంట్లోంచి ఏ వస్తువునూ, విరిగిన పెంకునైనా సరే, తీసుకురావద్దు. నూరేళ్ళు దాటిన కళావస్తువులకూ, డెబ్బై అయిదేళ్ళు దాటిన రాతప్రతులకూ 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుందని ఇంటివారికి కూడా చెప్పడం మంచిది.

ఫోటోలన్నీ ఫ్లాష్ లేకుండా, గది పేరు రాసిన చీటీ, ఒక అడుగు స్కేలు చట్రంలో కనబడేలా తీయాలి. పడమటి వెలుతురు పక్కనుంచి గోడ మీద పడే వేళ గచ్చు మీది గీతలూ పూడ్చిన రంధ్రాలూ స్పష్టంగా వస్తాయి. దూలాలకు చెదలు పట్టిన గదుల్లోకీ, మేడ మీది మిద్దెల మీదికీ ఇంటివారు వద్దంటే వెళ్ళవద్దు. పని పూర్తయ్యాక పటాలు, కొలతలు, సున్నం–సిమెంటు పటం, పెద్దల మాటల ప్రతులు తెలుగులోనూ ఒడియాలోనూ మూడు సెట్లుగా కట్టి, ఒకటి ఇంటివారికి, ఒకటి ఊరి కళాశాల గ్రంథాలయానికి ఇచ్చి, మూడవది మీ దగ్గర ఉంచుకోవాలి. ప్రతి పుట మీద తారీఖూ, కొలిచినవారి పేరూ, చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరూ ఉండాలి.